అవతలి గట్టు మీద మిరెల్

అయినా నన్ను అడిగింది ఒక్కసారే. రెండోసారి అడిగి ఉంటే ఏమనేవాణ్ణో తెలియదు. మనిషి మొదటిసారి ఇచ్చే జవాబు అతనిది కాదని నాకు చాలాకాలంగా ఒక అనుమానం. అది ఆ క్షణానికి నోటికి దగ్గరగా ఉన్న జవాబు, అంతే. అసలుది వెనక ఎక్కడో చెప్పులు విడుస్తూ ఉంటుంది. అది వచ్చేసరికి తలుపు మూసేసి ఉంటారు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, నీళ్ళు తగ్గిన సరమాకా నదిలో ఇసుక తిన్నె మీద నిలబడి, డచ్ సర్వేయరు అవతలి గట్టు వైపు పెన్సిలు చూపించాడు. "ఆ గుట్ట మీద మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. నా చేతిలో కొలత గొలుసు కొస ఉంది.

"కొన్ని రాళ్ళున్నాయి" అన్నాను.

ఆ రాళ్ళలో ఒకదాని కింద నా భార్య ఉంది. అతను పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. గీత నది మధ్యగా దిగువకు పోయింది. ఫ్రైలాండ్ అనే ఈ యూదుల దేశానికి ఈ వైపు సరిహద్దు అదే. ఇవతల మేము, అవతల సురినామ్. ఆ వైపు గుట్ట మీద పదకొండు సమాధులు.

ఇప్పుడు నా ముందు బల్ల మీద ఒక కాగితం ఉంది. టీ గ్లాసు అడుగు దాని మీద గుండ్రంగా మరక చేసింది. "విదేశీ నేలలో ఉన్న తొలి వలసదారులను వారి సొంత దేశపు నేలకు తరలించేందుకు, దగ్గరి బంధువుగా నా సమ్మతి." కింద పదకొండు పేర్లు, పది సంతకాలు. పదకొండో పేరు మిరెల్. దాని ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీని నాలుగు రోజులుగా చూస్తున్నాను. కాసేపటికి "సొంత" అనే మాట తప్ప మిగతా అక్షరాలన్నీ చెదిరిపోతాయి.

మేం ఆస్ట్రియాలో శరణార్థుల శిబిరంలో ఉన్నప్పుడు, 1947లో, గోడకు రెండు జాబితాలు అంటించారు. ఒకటి పాలస్తీనాకు, ఒకటి ఇక్కడికి. మిరెల్ అక్క పెస్యా యుద్ధానికి ముందే హైఫా చేరింది, అందుకని మిరెల్‌కు మొదటి జాబితాలో చేరాలని ఉండేది. నేను ఒప్పించాను. అక్కడ దేశం ఇస్తారో లేదో ఇంకా ఎవరో చేతులెత్తి తేల్చాలి. ఇక్కడ రాతపూర్వకమైన ఒప్పందం ఉంది, ఒక నది ఉంది, మ్యాపు ఉంది, సర్వేయర్లు కావాలట. ఆమె నా పేరు కింద తన పేరు రాసింది, నా అక్షరాలకన్నా చిన్నగా. ఓడలో అడిగింది, అక్కడ ఏ దిక్కుకు తిరిగి ప్రార్థించాలని. తూర్పుకే, యెరూషలేము వైపు, అన్నాను. "అయితే వచ్చిన దారికేసి మొహం పెట్టి నిలబడతామన్నమాట" అంది. వెక్కిరింపు కాదు. ఒక లెక్క సరిచూసుకున్నట్టు అంది.

ఆ ఏడాదే అక్కడ యూదుల దేశం ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన ప్రపంచ దేశాల సభలో రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ నేల బయటివాళ్ళ ధర్మకర్తృత్వం కింద ఉండిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. నా ఎంపిక సరైనదని లోకమే తేల్చిచెప్పినట్టయింది. పద్నాలుగు నెలలకు మిరెల్ జ్వరంతో పోయింది. కడుపులో అయిదో నెల.

ఇవతలి గట్టు పల్లం. అడుగు లోతు తవ్వితే నీళ్ళు ఊరేవి. కొత్త చోటికి చేరగానే మావాళ్ళు అన్నిటికన్నా ముందు శ్మశానానికి నేల సంపాదిస్తారు. ప్రార్థనాలయం, బడి, అన్నీ తర్వాతే. తాతలనాటి అలవాటు. అవతలి గట్టు మీద మతవాయి వాళ్ళ ఊరి పెద్దను అడిగితే గుట్ట చూపించాడు. వీళ్ళ పూర్వులు తోటల్లో బానిసత్వం నుంచి పారిపోయి అడవిలో నిలదొక్కుకున్నవాళ్ళు. రెండు గట్లూ వాళ్ళవే అప్పుడు. శ్మశానం తర్వాత దేశం కూడా వస్తుందని, దానికి అంచు ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అలవాటు ప్రకారం ముందు చనిపోయాం. తర్వాత దేశం తెచ్చుకున్నాం.

"సంతకం పెట్టావా?" అంది ఫ్రూమా, వంటింట్లోంచి అరటికాయ ముక్కల పళ్ళెంతో వస్తూ. ఫ్రూమా నా రెండో భార్య. ఇరవై ఆరేళ్ళయింది.

"లేదు."

"పెన్నులో ఇంకు లేదా, ఒంట్లో దమ్ము లేదా?"

నేను ముక్క తీసుకున్నాను. వేడిగా ఉంది.

"ఆవిడొస్తే నాకేం అభ్యంతరం లేదు, ముందే చెప్తున్నా. ఇన్నేళ్ళూ ముగ్గురం ఒకే ఇంట్లో కాపరం చేశాం. ఆవిడకి పళ్ళెం పెట్టలేదన్నమాటే గానీ."

"నేనేం అనలేదుగా."

"నువ్వేం అనవు. అదే కదా నీ రోగం." కుర్చీ లాక్కుని కూర్చుంది. "కొత్త శ్మశానంలో ముగ్గురికీ పక్కపక్కన చోటిస్తారట, జల్మన్ చెప్పాడు. నువ్వు మధ్యలో. పైన ఎలాగూ మాట్లాడవు, కిందకెళ్ళాకైనా ఎవరో ఒకరితో నోరు విప్పుతావేమో."

ఆమె నవ్వించాలనుకుంది. నేను నవ్వాను కూడా. కానీ నవ్వుతున్నప్పుడే లోపల ఒక భాగం, ముగ్గురికీ పక్కపక్కన అన్నప్పుడు, కొలత తీయడం మొదలుపెట్టింది. మనిషికి రెండున్నర అడుగులు, మధ్య ఖాళీ ఒక అడుగు. నా మనసు బాధ దగ్గరికి రాగానే గొలుసు బయటికి తీస్తుంది. ఇది జబ్బో వృత్తో నాకు ఎప్పుడూ తేలలేదు.

మధ్యాహ్నం జల్మన్ వచ్చాడు. అంత్యక్రియల సంఘానికి ఇప్పుడు అతనే పెద్ద. ముప్పై ఒక్కేళ్ళు, ఇక్కడే పుట్టాడు, ఎండకు నల్లబడ్డ మెడ. టోపీ తీయకుండా చెమట తుడుచుకుని, మాలో పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచినట్టు "రెబ్" అని పిలిచాడు.

"రెబ్ ఆన్షెల్, మీదొక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున పడవలు మాట్లాడేశాం."

"చనిపోయినవాళ్ళని కదపకూడదంటారుగా. రబ్బీ గారేమన్నారు?"

"ఒప్పుకున్నారండి. కాపలా లేని చోట ఉంటే కదపొచ్చు. సొంత నేలకి తెచ్చుకుంటే కదపొచ్చు."

"ఇది ఆ సొంత నేలేనని రాసిచ్చారా?"

జల్మన్ గడ్డం గోక్కున్నాడు. "అది రాయలేదు. కాపలా సంగతి రాశారు."

"ఎలా రాస్తారు?" అంది వంటింట్లోంచి ఫ్రూమా. "మనకి జెండా ఉంది, తపాలా బిళ్ళ ఉంది, రేవుల మంత్రి ఉన్నాడు. పండగ మాత్రం పరాయి ఊళ్ళో అద్దెకున్నట్టు రెండ్రోజులు చేస్తాం. ఆ రెండో రోజు వంట ఎవరు చేస్తున్నారో ఓసారి రబ్బీ గార్ని అడుగు నాయనా."

సొంత నేల మీద ఉన్న యూదుడికి పండగ ఒక రోజు. ప్రవాసంలో ఉన్నవాడికి రెండు. ముప్పై మూడేళ్ళుగా మా రబ్బీలు ఏదీ తేల్చకుండా రెండు రోజులే చేయిస్తున్నారు. ఎవరైనా గట్టిగా అడిగితే, ఎక్కువైన పండగ ఎవరినీ చంపదు అంటారు.

"రేవు కోసం కాదూ ఇదంతా?" అన్నాను.

నది వంపు దగ్గర, మా గట్టు మీద, కలప దించడానికి రేవు కట్టాలని మంత్రిత్వశాఖకు ఎప్పటినుంచో ఉంది. అక్కడ మతవాయి వాళ్ళ పాత సమాధులున్నాయి, గీత గీసినప్పుడు ఇవతల పడ్డవి. వాటిని ముట్టుకోవడానికి సరిహద్దు ఒప్పందంలో ఏడో నిబంధన అడ్డు. ఒక పక్షం వారి మృతులు రెండో పక్షం నేలలో ఉన్నంతకాలం ఆ నేలను ఎవరూ తవ్వరాదు, అక్కడికి పడవలో రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ పక్షమైనా తన వారినందరినీ తరలించుకుపోతే నిబంధన చెల్లదు. ఈ మాటలు నాకు కంఠతా వచ్చు. ఒప్పందానికి శుద్ధప్రతి రాసింది నేనే. డచ్ సర్వేయరు నా "రాళ్ళ"ను సమాధులని అర్థం చేసుకున్నాడు. నేను దాచినదాన్ని అతను ఒక నిబంధనగా మార్చాడు.

"అది మంత్రిగారి లెక్క, రెబ్ ఆన్షెల్. నాకు దాంతో పన్లేదు" అన్నాడు జల్మన్ చివరికి. "అక్కడ మా అన్న ఉన్నాడు. బెరెల్. ఆరు వారాల పిల్లాడు. నేను పుట్టకముందే పోయాడు. మా అమ్మ తను పోయేముందు, వాణ్ణి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టరా అంది. నాక్కావలసింది అంతే."

మరక పడ్డ కాగితాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"నేను సంతకం పెట్టకపోతే?"

"మిగతా పదిమందినీ తెచ్చేస్తాం. ఆవిడొక్కతే ఉండిపోతుంది." అతను లేచాడు. "మిమ్మల్ని తొందరపెట్టను. ఆదివారం రండి. సమాధి దగ్గర క్షమాపణ అడిగాక పదిమంది ముందు నోటిమాట చెప్పినా చాలు."

ఒక్కతే. అతను కావాలని అన్న మాట కాదు, అందుకే అది పోయి లోతుగా దిగింది.

శుక్రవారం పొద్దున ఊరి పడవల రేవు దగ్గరికి నడిచాను. సంత రోజు. అవతలి ఊరి పడవలు అరటిగెలలు, కసావా రొట్టెలు దించుతున్నాయి. ఎజ్రా తన పడవలోనే కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఊపుతున్నాడు. మతవాయి ఊరికి ఇప్పుడు అతనే కాపితెన్, అంటే పెద్ద. మాకు గుట్ట చూపించిన మనిషి కొడుకు. నా వయసువాడే.

"ఏం మాతీ, ఇంకా ఉన్నావా?" అన్నాడు. మాతీ అంటే వాళ్ళలో నేస్తం.

"నువ్వు పోయాక పోదామని ఆగాను."

"అయితే చాలా ఏళ్ళు పడుతుంది. మాది గట్టి పేరు. బైబిలు పుస్తకంలోది. నీ పేరు ఏ పుస్తకంలోనూ లేదు." ఈ ఎత్తిపొడుపు ముప్పై ఏళ్ళ నాటిది. ఇద్దరమూ అది వచ్చే దాకా ఆగి, తర్వాత అసలు మాటలోకి దిగుతాం.

"ఆదివారం పారలతో వస్తున్నారటగా" అన్నాడు. "మా ఆడవాళ్ళు అడుగుతున్నారు. గుట్ట మీద పడుకున్నవాళ్ళు ఏం తప్పు చేశారు, లేపి పంపేస్తున్నారు అని."

"పంపడం కాదు. ఇంటికి తీసుకెళ్తున్నామంటున్నారు."

"ఓహో." కాళ్ళు ఊపడం ఆపాడు. "మీవాళ్ళని మీరు తీసుకెళ్తే, మావాళ్ళని మేం తీసుకెళ్ళాలి. అంతేనా?"

"అంతే అంటారు."

"మేం తియ్యం. మాకు ఆ అలవాటు లేదు. పెట్టినచోట వాళ్ళుంటారు. మేం పోయి నీళ్ళు పోసి, ఊళ్ళో కబుర్లు చెప్పొస్తాం. రేపు రేవు కట్టాక దుంగల మీద నీళ్ళు పొయ్యమంటావా?" పక్కకు ఉమ్మాడు. "మా పాతవాళ్ళు మీ పాతవాళ్ళ చెరుకు తోటల్లోంచే పారిపోయొచ్చారు, తెలుసుగా."

"వాళ్ళు వేరే. మూడొందల ఏళ్ళ కిందటి పోర్చుగీసు యూదులు. మేం కాదు."

"తెలుసు. మీరు వేరే. వచ్చిన ప్రతివాళ్ళూ వేరేనే." కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

నేను వెళ్ళబోతుంటే వెనకనుంచి అన్నాడు: "ఆ రోజు గొలుసు పట్టుకుంది నువ్వేగా. మా నాన్న ఒడ్డున నిలబడి చూశాడు. ఇంటికొచ్చి మా అమ్మతో అన్నాడు, ఆ మనిషి పెళ్ళాన్ని మనకొదిలేశాడు, ఇక మనమే చూసుకోవాలి అని. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గుట్ట మీద కలుపు తీసింది. ఇప్పుడు మా చెల్లెలు తీస్తోంది. నీకు తెలీదా?"

తెలియదు. సంవత్సరానికోసారి, కొత్త సంవత్సరం ముందు నెలలో, అందరితో పాటు పడవలో వెళ్ళి ప్రార్థన చదివి వచ్చేవాణ్ణి. మొక్కలు ఎందుకు మొలవలేదో ఎప్పుడూ ఆలోచించలేదు. అడవిలో రెండు వారాలు వదిలేస్తే ఇల్లే కనిపించకుండా పోతుంది. ముప్పై రెండేళ్ళు ఆ రాళ్ళు శుభ్రంగా ఉంటే, అది రాళ్ళ గుణం అనుకున్నాను.

శనివారం మాకు గీత గీయడం నిషిద్ధం. పెన్సిలు కూడా ముట్టుకోకూడదు. అందుకని శనివారం మధ్యాహ్నాలు మంచం మీద వాలి మనసులో గీస్తాను. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. గీసేది ఎప్పుడూ ఒకటే మ్యాపు: ఇంకో రెండు చేతులు లేచి ఉంటే అక్కడ, పాలస్తీనాలో, ఏర్పడి ఉండే దేశం.

పెస్యా ఉత్తరాలనుబట్టి ఆ నేల నాకు కొంత తెలుసు. హైఫాలో కొండ సముద్రంలోకి దిగే తీరు, ఆమె మేడ కింద గుమ్మానికి నీలం రంగు వేసుకున్న అరబ్బు చెప్పులవాడు, అతని భార్య పంపే ఆలివ్ కాయల ఊరగాయ. మిగతాది పాత మ్యాపులనుంచి. మొదట్లో ఆ దేశాన్ని నేను చాలా ఉదారంగా గీసేవాణ్ణి. కొండ వరసను ఆసరా చేసుకుని ఒక హద్దు, లోయ వెంట ఒకటి, నది మధ్యగా ఒకటి. మిరెల్‌కు సముద్రం కనిపించే వసారా ఇచ్చేవాణ్ణి. అక్కడ ఆమెకు ఇప్పుడు యాభై ఏడేళ్ళు. కళ్ళజోడు. అక్కతో ఏదో చిన్న గొడవ.

కానీ చేతికి అబద్ధం చెప్పినా వృత్తికి చెప్పలేం. గీత వేయగానే, నేను ఎప్పుడూ చేసినట్టే, రెండు వైపులా ఏముందో రాసుకోవాలి. రాసుకుంటూ పోతే నీలం గుమ్మం ఒకసారి గీతకు ఇవతల, ఒకసారి అవతల పడేది. హద్దును ఒక మైలు జరిపితే మరో గుమ్మం వచ్చేది. ఎక్కడ జరిపినా, ఎవరివో కొన్ని రాళ్ళు తప్పు వైపున తేలేవి. ఆ రాళ్ళ దగ్గర నీళ్ళు పోసేవాళ్ళు పాత్ర పట్టుకుని గీత దగ్గర ఆగిపోయేవాళ్ళు. ఆ దేశంలోనూ నాలాంటివాడొకడు గొలుసు కొస పట్టుకుని నిలబడతాడు. అతన్నీ ఎవరో అడుగుతారు. ఏళ్ళ తరబడి గీస్తున్నాను, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని హద్దు ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను. ఆ మ్యాపులో మిరెల్ ఎప్పుడూ లోపలే ఉంటుంది. నన్ను నేను ఎప్పుడూ లోపల గీసుకోలేదు.

ఆ సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, ఫ్రూమా వాకిట్లో గుమ్మడి గింజలు ఒలుస్తూ కూర్చుంది. నేను పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆమె కొన్ని గింజలు నా చేతిలో పోసింది.

"నన్నడిగారు" అన్నాను.

"ఎవరు, ఏమని?"

చెప్పాను. ఇసుక తిన్నె, పెన్సిలు, కొన్ని రాళ్ళున్నాయన్న మాట. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు మోసిన దానికి అంత తక్కువ మాటలు సరిపోవడం కొంచెం అవమానంగా అనిపించింది.

ఫ్రూమా పళ్ళ మధ్య గింజ పగలగొట్టింది. "ఆ గుట్ట మనవైపు రావాలంటే ఏం చెయ్యాల్సొచ్చేది?"

"గీత అక్కడ అవతలికి ఉబ్బేది. బదులుగా మనం దిగువన కొంచెం వరి పల్లం వదులుకోవాలి. వాళ్ళు ఒప్పుకునేవాళ్ళే."

"మరి?"

"మ్యాపు మీద ఆ ఉబ్బు నాకు అసహ్యంగా కనిపించింది."

ఆమె నా వైపు తిరిగింది. "అంతేనా?"

"అంతేనేమో. ఆమెకు ఈ దేశం అక్కర్లేదు కదా, బయటే ఉండనీ అనుకున్నానేమో. కళ్ళ ముందు లేకపోతే మేలనుకున్నానేమో. ఒక్కో ఏడు ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఉబ్బు సంగతి మాత్రం అన్ని ఏళ్ళూ నిజమే."

వీధిలో ఎవరో పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారు.

"ఇన్నేళ్ళూ నువ్వు ఆవిడ మీద ప్రేమతో మాట్లాడవనుకున్నాను" అంది చివరికి. "సిగ్గుతో అన్నమాట."

"తేడా ఉందా?"

"నాకుంది. ప్రేమతో పోటీ పడలేక చచ్చాను. సిగ్గైతే పోనీలే, దాంతో కాపరం చెయ్యొచ్చు." ఒళ్ళో తొక్కలు దులుపుకుంది. "రేపు ఏమంటావు?"

"తెలీదు."

"ఏదో ఒకటి నోటితో అను. మళ్ళీ రాళ్ళూ రప్పలూ అని రాకు ఇంటికి."

ఆమె లోపలికి వెళ్ళాక కూర్చుని రెండు పక్కలా తూచి చూశాను. సరే అంటే, మిరెల్ రావాలనుకోని దేశానికి ఆమెను రెండోసారి తీసుకొస్తాను. ఈసారి జాబితాలో చిన్న అక్షరాలతో పేరు రాసే హక్కు కూడా ఆమెకు లేదు. అవతలి వాళ్ళ సమాధుల మీద దుంగలు పడతాయి. వద్దంటే, పక్కనున్న పదిమందీ లేచిపోయాక ఆమె ఆ గుట్ట మీద ఒంటరిగా ఉంటుంది. నిబంధన నిలుస్తుంది. పడవలు తిరుగుతాయి. కానీ అది కూడా ఆమెను వాడుకోవడమే. అప్పుడు గీత తిన్నగా ఉండాలని ఆమెను వదిలేశాను. ఇప్పుడు గీతకు ఒక కంత ఉండాలని వదిలేస్తాను. రెండుసార్లూ నా చేతిలో ఆమె ఒక కొయ్యగుంజే. తూకం ఎంతసేపటికీ ఏ వైపూ దిగలేదు. తూచేవాడు ఒకవైపు చెయ్యి ఆనించి ఉంటే ఎలా దిగుతుంది? నేను ఏ వైపు ఆనించానో నాకే కనపడలేదు.

ఆదివారం నాలుగు పడవలు. పద్నాలుగుమంది మగవాళ్ళం, పెట్టెలకు చెక్క పలకలు, తెల్లటి నార గుడ్డ చుట్టలు, పారలు. నదిలో ఎవరూ మాట్లాడలేదు. అవతలి ఒడ్డున ఎజ్రా, అతని చెల్లెలు, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. ఎజ్రా టోపీ చేతిలో పట్టుకున్నాడు. గుట్ట మీద ఆ పొద్దున్నే ఎవరో కలుపు తీశారు. పీకిన మొక్కలు ఒక పక్కన కుప్పగా, ఇంకా వాడకుండా ఉన్నాయి. పనిమంతురాలి చేతి కుప్ప అది, వేళ్ళన్నీ ఒకే వైపు. అంటే ఇవాళ తవ్వేస్తారని తెలిసి కూడా ఆమె తీసింది.

తవ్వేముందు మృతుల దగ్గర క్షమాపణ అడగాలి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి. జల్మన్ మొదటి రాయి దగ్గర నిలబడి చదివాడు. మేం చేస్తున్నది నీ గౌరవం కోసమే, మా చేతుల్లో పొరపాటు జరిగితే మన్నించు, నిన్ను నీ సొంత నేలకు తీసుకెళ్తున్నాం. చదవగానే ఆ ఇంటివాడు "సమ్మతమే" అనాలి. అన్నాడు. రెండో రాయి. మూడోది. నాలుగోది అరచేయంత రాయి. జల్మన్ "బెరెల్" అని పిలిచి, వంగి ఆ రాయి మీద అరచెయ్యి ఉంచాడు. తర్వాత తనే చదివి, తనే "సమ్మతమే" అన్నాడు. అతను ఇవాళ తన అన్నను ఎత్తుకోబోతున్నాడు. అందులో తప్పేమీ కనిపించలేదు నాకు. ఆ చిన్న గుంట అతనిదే. దాని మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు.

పదకొండో రాయి దగ్గరికి వచ్చాం.

"మిరెల్, యొస్సెల్ కూతురా" అని పిలిచాడు జల్మన్.

బతికున్న మనిషిని పిలిచినట్టుంది. ముప్పై రెండేళ్ళలో ఆమెను ఎవరూ పైకి అలా పిలవలేదు. నేను కూడా. నేను తిరిగి చూడబోయాను, అది నిజం, ఆమె వెనకనుంచి వస్తుందేమోనని.

మిగతా మాటలు చదివాడు. నీ సొంత నేలకు, అన్నాడు. ఆగాడు. అందరూ నా నోటి వైపు చూశారు. ఎజ్రా మాత్రం నేలకేసి చూస్తున్నాడు.

నా నోట్లో రెండు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. సమ్మతమే అన్నది ఒకటి, కాదన్నది ఒకటి. రెండూ శుభ్రంగా, ఎక్కడా వంపు లేకుండా ఉన్నాయి. రెండూ నావే. కింద ఉన్న మనిషికి వాటిలో ఏదీ చెందదు. ఆమెను అడగాల్సినప్పుడు, శిబిరంలో గోడ ముందు, నేను అడగలేదు, నచ్చజెప్పాను. ఇప్పుడు అడిగినా వినపడేది నా గొంతే.

"రెబ్ ఆన్షెల్?" అన్నాడు జల్మన్ మెల్లగా. "ఏదో ఒకటి అనండి. ఎండెక్కుతోంది."

పార పట్టుకున్న కుర్రవాడు నేను మౌనంగా ఒప్పుకున్నాననుకున్నాడో ఏమో, ఒక అడుగు ముందుకేసి, రాయి పక్కన మట్టికి పార అంచు ఆనించాడు. కాలు దాని మీద పెట్టాడు.

నేను మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి నేలకు ఆన్చి, ఆ పారకూ ఆమె రాయికీ మధ్య, కలుపు తీసిన మెత్తటి మట్టి మీద కూర్చున్నాను.